భూమి మొత్తం మీద అరకిలో.. దాని కోసమే ఈ వేట!

మొన్న జూన్ 2న ఆఫీసుకి సెలవు. తెలంగాణ అవతరణ దినోత్సవం కదా. శ్రీనగర్ కాలనీలో మేముండేది మూడో అంతస్తు. రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది. చేసేదేం లేక నేనూ, మా రూమ్మేటూ టెర్రస్ మీదకెళ్ళి కూర్చున్నాం. ఒక్క ఆకు కదలట్లేదు. వాడు బనీను విసురుకుంటూ "చుక్క గాలి లేదురా బాబూ" అన్నాడు.

"సంవత్సరం మొత్తంలో ఇవాళే గాలి గట్టిగా కొట్టేది" అన్నాను నేను.

వాడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఏరా, ఎండ దెబ్బ కొట్టిందేంటి?"

వాడిది పాలకొల్లు. ఇక్కడే దగ్గర్లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో అసిస్టెంట్ సౌండ్ ఇంజినీర్. వాడికి ఏదైనా చెప్తే చెవికి వినపడాలి. నాకేమో ఏదైనా డేటాలో కనపడాలి. నేను చెప్పిన గాలి ఈ రెండిటికీ దొరకదు. అదే డార్క్ మ్యాటర్ గాలి. పేపర్లలో కృష్ణ పదార్థం అని రాస్తారే, అది. ఇదేదో నేను సరదాకి కట్టిన కథ కాదు. లెక్క ప్రకారం ఆ గాలిలోకి మన భూమి అత్యంత వేగంగా దూసుకెళ్ళే రోజు నిజంగానే జూన్ 2కి అటూ ఇటూగా వస్తుంది. మన రాష్ట్రం పుట్టినరోజు అదే కావడం కాకతాళీయం.

ఆ రాత్రి వాడికి చెప్పిందంతా ఇప్పుడు మీకూ చెప్తాను. ముందు ఒక చిన్న కోడింగ్ కథ.

లాక్‌డౌన్‌లో అందరూ డాల్గోనా కాఫీ చేసుకుంటుంటే నేను ఒక వీకెండ్ స్పార్క్ అనే డేటాబేస్ డౌన్‌లోడ్ చేశాను. 175 గెలాక్సీలు ఎంత వేగంతో తిరుగుతున్నాయో అందులో ఉంటుంది. 2016 నుంచి ఎవరికైనా ఉచితం. పైథాన్‌లో పట్టుమని ముప్పై లైన్లు రాస్తే గ్రాఫ్ వచ్చేస్తుంది. నేను తీసింది ఎన్‌జీసీ 3198 అనే గెలాక్సీ.

గ్రాఫ్ చూసేముందు మన సౌరకుటుంబాన్ని గుర్తు తెచ్చుకోండి. సూర్యుడి పక్కనున్న బుధుడు సెకనుకి 47 కి.మీ. వేగంతో తిరుగుతాడు. మన భూమి 30. చివర్న ఉన్న నెప్ట్యూన్ 5.4. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. బరువంతా మధ్యలో సూర్యుడిలోనే ఉంది కాబట్టి. గెలాక్సీలో కూడా వెలుగంతా మధ్యలోనే ఎక్కువ. కాబట్టి అంచుల్లో వేగం పడిపోతూ పోవాలి. నా స్క్రీన్ మీద మాత్రం గీత సెకనుకి 150 కి.మీ. దగ్గర అలా అడ్డంగా సాగిపోయింది. నక్షత్రాలు దాదాపు అయిపోయి ఉత్త గ్యాస్ మిగిలిన చోట కూడా కిందికి దిగలేదు. కోడ్‌లో బగ్ ఉందేమో అని రెండుసార్లు చూసుకున్నాను. లేదు.

వెరా రూబిన్ కూడా మొదట్లో ఇలాగే అనుమానపడి ఉంటుందనుకుంటా. ఆమె, కెంట్ ఫోర్డ్ కలిసి 1970లో మన పక్కింటి గెలాక్సీ ఆండ్రోమెడాని కొలిచారు. ఇదే కథ. అంతకంటే చాలా ముందు, 1933లో, ఫ్రిట్జ్ జ్వికీ గెలాక్సీల గుంపుల్లో కనపడని బరువు ఏదో ఉందని చెప్తే ఎక్కువమంది పట్టించుకోలేదు. ఈ రోజు లెక్క ఏంటంటే, విశ్వంలో ఉన్న పదార్థంలో దాదాపు 85 శాతం ఆ కనపడనిదే. మనం, చార్మినార్, సూర్యుడు, నక్షత్రాలు, గ్యాస్ మేఘాలు అన్నీ కలిపి మిగిలిన 15.

"గురుత్వాకర్షణ సూత్రమే తప్పేమో?" అని అడగొచ్చు. అడిగినవాళ్ళున్నారు. 1983లో మిల్‌గ్రోమ్ అనే శాస్త్రవేత్త ఆ దారిలోనే మాండ్ అనే సిద్ధాంతం రాశాడు. గెలాక్సీల వేగాలకి అది బాగానే సరిపోతుంది. గెలాక్సీల గుంపుల దగ్గరకొచ్చేసరికి తడబడుతుంది. నేనైతే కనపడని పదార్థం వైపే ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే అది ఎలా కదులుతుందో చెప్పాలి. నాకు అసలు ఆసక్తి మొదలైంది కూడా అక్కడే.

మా ఏరియాలో ఉండేవాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. షూటింగ్‌లో గ్రూప్ డ్యాన్స్ చూశారా? వందమంది ఒకే కౌంట్‌కి, ఒకే వైపు, వరసగా తిరుగుతారు. గెలాక్సీలో నక్షత్రాలు అలాంటివి. అందరూ ఒక పళ్ళెంలాంటి చోట ఒకే దిశలో తిరుగుతుంటారు. ఇప్పుడు కృష్ణానగర్ సెంటర్‌ని పొద్దున్నే ఆరింటికి ఊహించుకోండి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, టీ కొట్టు దగ్గర గుంపు, బస్సు దొరకనివాళ్ళు. ఒక్కొక్కడిదీ ఒక్కో దారి. పైనుంచి చూస్తే మొత్తం గుంపు ఎటూ పోవట్లేదు, కానీ లోపల ఎవ్వడూ నిలబడి లేడు. డార్క్ మ్యాటర్ ఈ రెండో గుంపు. ఒక్కో కణం సెకనుకి వందల కి.మీ. వేగంతో పోతుంటుంది. ఒకటి మధ్యకి దూకుతుంది, ఒకటి పైకి పోయి మళ్ళీ కిందికి పడుతుంది. మొత్తం మీద చూస్తే గెలాక్సీతో పాటు పెద్దగా తిరగదు.

ఎందుకలా? మామూలు గ్యాస్ ఒకదానికొకటి గుద్దుకుంటుంది, వేడెక్కుతుంది, ఆ వేడిని వెలుగుగా బయటికి పంపి చల్లబడుతుంది. చల్లబడి అణిగి పళ్ళెంలా పరుచుకుంటుంది. డార్క్ మ్యాటర్ గుద్దుకోదు, వెలగదు. వెలగదు కాబట్టి చల్లబడే దారి లేదు. దాని శక్తి దాని దగ్గరే ఉండిపోతుంది. అందుకే పళ్ళెం అవ్వకుండా పెద్ద బంతిలా ఉండిపోయింది. మన పాలపుంత పళ్ళెం అడ్డంగా లక్ష కాంతి సంవత్సరాలు. ఆ బంతి దానికి ఎన్నో రెట్లు.

అయితే ఈ గుంపు ఊరికే తిరగట్లేదు. మన గెలాక్సీ మధ్యలో నక్షత్రాలు ఒక కడ్డీలా చేరి తిరుగుతుంటాయి. 2021లో ఆక్స్‌ఫర్డ్, యూనివర్సిటీ కాలేజ్ లండన్ శాస్త్రవేత్తలు గాయా ఉపగ్రహం డేటా చూసి, ఆ కడ్డీ పుట్టినప్పటి నుంచి కనీసం 24 శాతం నెమ్మదించిందని లెక్కకట్టారు. బ్రేక్ వేసింది ఎవరు? చుట్టూ ఉన్న డార్క్ మ్యాటర్. గుంపులో బండి నడిపితే స్పీడు తగ్గినట్టే. సూత్రం మార్చేస్తే సరిపోతుందనేవాళ్ళకి ఇలాంటివి మింగుడుపడటం కష్టం. బ్రేక్ పడాలంటే ఆ వేగాన్ని తీసుకునే సరుకు ఒకటి అక్కడ ఉండాలి కదా.

ఇప్పుడు గాలి దగ్గరికొద్దాం. గాలి లేని రాత్రి కేబీఆర్ పార్క్ పక్క రోడ్డులో స్కూటర్ మీద వెళ్తే ముఖానికి గాలి కొడుతుంది. గాలి కదలట్లేదు, కదిలేది మీరు. సూర్యుడు మనందర్నీ మోసుకుని గెలాక్సీ చుట్టూ సెకనుకి దాదాపు 230 కి.మీ. వేగంతో పోతున్నాడు. ఎటువైపు? సిగ్నస్ అనే హంస నక్షత్ర మండలం వైపు. జూన్‌లో రాత్రి పదకొండు దాటాక మా టెర్రస్ మీద నుంచి ఈశాన్యంలో దాని తోక చుక్క, డెనెబ్, కనిపిస్తుంది. సిటీ లైట్లలో కూడా. ఆ వైపు నుంచే మన ముఖానికి డార్క్ మ్యాటర్ గాలి కొడుతుందన్నమాట.

ఇక భూమి. సూర్యుడి చుట్టూ 30 కి.మీ. వేగంతో తిరుగుతుంది. కదిలే రైల్లో మీరు ఇంజిన్ వైపు నడిస్తే మీ వేగం కాస్త ఎక్కువ, వెనక్కి నడిస్తే కాస్త తక్కువ. భూమి తిరిగే దారి కొంచెం ఏటవాలుగా ఉంది కాబట్టి 30లో సగమే కలుస్తుంది. జూన్ మొదట్లో 15 కి.మీ. కలుస్తుంది, డిసెంబర్‌లో 15 తీసివేయాలి. అందుకే జూన్ 2.

ఎంత గాలి? ఇది విన్నప్పుడే మావాడు లేచి కూర్చున్నాడు. మన చుట్టూ డార్క్ మ్యాటర్ చాలా పల్చగా ఉంది. లెక్కేస్తే ఏ క్షణంలోనైనా మొత్తం భూగోళం లోపల ఉండేది అరకిలో. మహా అయితే ముప్పావు కిలో. ఎర్రగడ్డ రైతుబజార్లో మనం కొనే టమాటాలంత. కానీ వేగం ఎక్కువ కదా. ఒక్కో కణం ప్రోటాన్ కంటే వంద రెట్లు బరువుంటుందనుకుంటే, మీ అరచేతిలో ఒక చదరపు సెంటీమీటరు చోటు గుండా సెకనుకి 60 వేలకు పైగా దూసుకుపోతుంటాయి. మీరు ఫోన్ పట్టుకున్న ఈ చెయ్యి గుండా కూడా. ఏమీ తెలియదు. తగలవు.

"తగలకపోతే మరి పట్టుకునేదెలా?" మావాడి ప్రశ్న.

చాలా చాలా అరుదుగా ఒకటి ఏదో అణువు మధ్యలోని కేంద్రకానికి తగలొచ్చు అనేది ఆశ. అలా తగిలితే చిన్న మెరుపో, పిసరంత వేడో పుడుతుంది. సమస్య ఏంటంటే, మన చుట్టూ రొద. ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్లనే కణాలు అరచేతికి సెకనుకి ఒకటి చొప్పున తగులుతుంటాయి. రాళ్ళలో, గోడల్లో రేడియేషన్ ఉంది. అరటిపండులో ఉంది. మన ఒంట్లో ఉంది.

ఇది మాత్రం నేను చెప్పక్కర్లేకుండానే వాడికి అర్థమైంది. వాళ్ళ డబ్బింగ్ థియేటర్‌లో ఆర్టిస్టు రాకముందు ముప్పై సెకన్లు ఖాళీ గదిని రికార్డ్ చేస్తారట. రూమ్ టోన్ అంటారు. ఏసీ ఆపేసి, ఫోన్లు బయటపెట్టి, తలుపులు మూసినా ఏదో ఒక చప్పుడు ఉంటుందట. "నిశ్శబ్దం అనేది ఉండదురా. తక్కువ చప్పుడు అంతే" అన్నాడు. ఒకసారి హీరోయిన్ గుసగుసగా చెప్పే డైలాగ్ వెనక 'టిక్ టిక్' అని వస్తుంటే గంటన్నర వెతికారట. చివరికి అది ఎవరిదో చేతి గడియారం.

డార్క్ మ్యాటర్ వేట అంతా ఆ గంటన్నరే. దాన్ని నలభై ఏళ్ళకి సాగదీశారు. చప్పుడు తగ్గాలంటే భూమి లోపలికి దిగాలి. పైన కిలోమీటరో, రెండు కిలోమీటర్లో రాయి ఉంటే మ్యూయాన్లు ఆగిపోతాయి.

ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1400 మీటర్ల రాయి అడ్డం పెట్టుకుని, డామా అనే ప్రయోగం మొదలుపెట్టారు. సోడియం అయొడైడ్ స్ఫటికాలు, తర్వాతి దశలో దాదాపు 250 కిలోలు. వాళ్ళు ఒక్కో మెరుపునీ అనుమానించలేదు. సంవత్సరం పొడవునా లెక్కపెట్టి, జూన్‌లో పెరిగి డిసెంబర్‌లో తగ్గుతోందా అని మాత్రమే చూశారు. తెలివైన పని. గాలి నిజంగా ఉంటే లెక్క ఊగాలి. ఊగింది! 90ల చివర్లోనే చెప్పారు. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి ఏడూ ఊగుతూనే ఉంది, అటూ ఇటూగా జూన్ 2 దగ్గరే శిఖరం. యాదృచ్ఛికం అనడానికి వీల్లేనంత గట్టి సంకేతం.

మరి నోబెల్ ఎందుకు రాలేదు? ఎందుకంటే ఇంకెవరికీ కనపడలేదు. వేసవి, చలికాలం అని ఊగేవి ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఉష్ణోగ్రత, తేమ, కొండలోకి ఇంకే నీళ్ళు. ఆ గడియారం టిక్ టిక్ లాంటిదేనేమో అని అనుమానం. డామా వాళ్ళు తమ మొత్తం ముడి డేటాని బయటపెట్టలేదు. ఇక్కడ నా సాఫ్ట్‌వేర్ బుర్రకి కోపం వస్తుంది. కోడ్ చూపించకుండా 'నా మెషీన్‌లో పనిచేస్తోంది' అంటే మా ఆఫీసులో ఎవడూ ఒప్పుకోడు.

అందుకని అవే స్ఫటికాలతో ఇంకో రెండు టీమ్‌లు దిగాయి. దక్షిణ కొరియాలో కొసైన్-100, స్పెయిన్‌లో పైరినీస్ కొండల కింద అనాయిస్-112. ఆరేళ్ళ డేటా తర్వాత ఇద్దరూ చెప్పేది ఒకటే, డామా చూసిన ఊపు మాకు లేదు.

మధ్యలో మన హైదరాబాద్ పేరు వస్తుంది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో శంతను దేశాయ్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన, విద్యార్థులు కలిసి ఈ మూడు ప్రయోగాలూ ప్రచురించిన అంకెల్ని తీసుకుని, సొంతంగా మళ్ళీ లెక్కలేశారు. 'ఊగుతోంది' అనే మాటకి, 'ఊగట్లేదు, అంతా రొదే' అనే మాటకి మధ్య నాలుగు రకాల పరీక్షలు. డామా అంకెల్లో ఊపు గట్టిగానే ఉంది. 2020లో అనాయిస్ తొలి అంకెల్ని చూస్తే, ఒక పరీక్ష ఒక భాగం డేటాలో 'ఊపు లేదు' అని గట్టిగా తేల్చింది. మిగిలిన పరీక్షలు ఎటూ తేల్చలేదు. 'తేలలేదు' అన్న ముక్కని కూడా దాచకుండా రాశారు. పైగా కోడ్ మొత్తం అందరికీ తెరిచి పెట్టారు. భూమి లోపలికి దిగక్కర్లేదు, కోట్ల పరికరం అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, స్టాటిస్టిక్స్, ఓపిక. ఇంజినీరింగ్ చదువుతూ ఇది చదివేవాళ్ళుంటే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొనుక్కునే బదులు ఇది చూడండి. నేను కొనుక్కున్నాను కాబట్టి చెప్తున్నా.

ఇంతవరకూ టెర్రస్ మీద మామూలుగానే మాట్లాడాను. తర్వాత చెప్పింది మాత్రం మా ఇంటి సంగతి.

మాది కుప్పం దగ్గర పల్లె. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పనిచేశాడు. అవును, కేజీఎఫ్. 2018లో ఆ సినిమా వచ్చినప్పుడు థియేటర్లో అందరూ ఈలలేస్తుంటే నాకు తాత లుంగీ, పైపంచె గుర్తొచ్చాయి. మా వైపు నుంచి చాలామంది అక్కడికి పోయేవాళ్ళు. కుప్పంలో రైలెక్కి, బంగారపేటలో మారితే గనుల దగ్గరే దింపుతుంది. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వీధిలో వినిపిస్తాయి.

తాత చిన్నప్పుడు మాకు గని కబుర్లు చెప్పేవాడు. కేజ్‌లో కిందికి దిగుతుంటే చెవులు దిబ్బడేయడం, లోపల ఉక్క. వాటితో పాటు ఒకటి చెప్పేవాడు. "కిందట్లో సైన్సోళ్ళు ఉండేటోళ్ళురా. లైటు గొట్టాలు వరసగా పెట్టుకోని కూర్చునేటోళ్ళు. బంగారం కోసం కాదు. కంటికి కనపడందేదో వస్తాదంట, దాని కోసం." మేము పిల్లలం నవ్వేవాళ్ళం. దెయ్యం కథ అనుకున్నాం. అవ్వ అయితే "నీ బొంకులు పిల్లోళ్ళకి చెప్పొద్దు" అని కసిరేది.

తాత నేను సెకండ్ ఇయర్‌లో ఉండగా పోయాడు. ఆ తర్వాత మూడేళ్ళకి, ఉద్యోగంలో చేరాక, ఒక రాత్రి ఏదో చదువుతుంటే తగిలింది. తాత చెప్పిన లైటు గొట్టాలు నియాన్ ఫ్లాష్ ట్యూబులు. ఆ సైన్సోళ్ళు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు.

కథ ఇది. 60ల మొదట్లో మియాకే, నరసింహం, రమణమూర్తి అనే ముగ్గురు కేజీఎఫ్‌లో ఒక్కో లోతుకీ దిగి మ్యూయాన్లు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టారు. అన్నిటికంటే లోతైన చోట, రెండున్నర కిలోమీటర్లు దాటాక, రెండు నెలలు కూర్చుంటే ఒక్కటి కూడా రాలేదు. రెండు నెలల రూమ్ టోన్! అంత నిశ్శబ్దం దొరికాక ఊరుకుంటారా? 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీ కలిసి 2.3 కి.మీ. లోతున పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలని పట్టుకున్నాయి. ప్రపంచంలో అవే తొలి పరిశీలనల్లో ఒకటి. దాదాపు అదే సమయానికి దక్షిణాఫ్రికాలో ఇంకో టీమ్ కూడా పట్టింది. వాళ్ళదీ బంగారు గనే.

అసలు మలుపు 1975లో. న్యూట్రినోల కోసం పెట్టిన ఆ పరికరాల్లో కొన్ని వింత గీతలు పడ్డాయి. ఒక న్యూట్రినో రాయిని గుద్దితే గీతలు రాయి లోపల నుంచి మొదలవ్వాలి. వీటిల్లో రెండు మూడు గీతలు కలిసి గాలిలో నుంచి, రాతిగోడకీ పరికరానికీ మధ్య ఖాళీలో నుంచి, మొదలైనట్టు కనిపించాయి. ఖాళీ చోట ఏదో విరిగిపోయినట్టు. ఎం.జి.కె. మీనన్ లాంటివాళ్ళున్న ఆ బృందం ఫిజిక్స్ లెటర్స్‌లో దాన్ని ప్రచురించింది. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని సంఘటనలే. 80లలో అదే కేజీఎఫ్‌లో ప్రోటాన్ విరుగుతుందా అని చూడ్డానికి 140 టన్నుల పరికరం పెట్టినప్పుడు కూడా అలాంటివి తగిలాయి. వీటికి కోలార్ ఈవెంట్స్ అని పేరు. ఇంకే దేశంలో ఎవరికీ కనపడలేదు. మెల్లగా అందరూ మర్చిపోయారు.

2014లో ఎం.వి.ఎన్. మూర్తి, జి. రాజశేఖరన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రమాణ అనే జర్నల్‌లో ఆ పాత గీతల్ని మళ్ళీ బయటికి తీశారు. వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంది. ఇవి డార్క్ మ్యాటర్ కావచ్చు కదా? ఇక్కడ గుద్దుకోవడం కాదు, విరగడం. ప్రోటాన్ కంటే 5 నుంచి 10 రెట్లు బరువైన కణం, దాదాపు విశ్వం వయసంత ఆయుష్షు ఉన్నది, మన పక్క నుంచి పోతూ పోతూ ఆ గని గదిలో గాలిలో విరిగిపోతే అచ్చం అలాంటి గీతలే పడతాయి.

నిజమా? నాకు నమ్మాలని ఉంది. తాత పక్క గదిలో విశ్వ రహస్యం విరిగి పడిందంటే ఎవరికి ఉండదు! కానీ నమ్మాలని ఉండటమే అసలు ప్రమాదం. అంత కొద్ది సంఘటనలు, ఒకే చోట, వేరే టీమ్ ఏదీ చూడలేదు. డామాని తప్పుపట్టిన నోటితో కోలార్‌ని వెనకేసుకురావడం న్యాయం కాదు. ఎక్కువమంది భౌతిక శాస్త్రవేత్తలు ఒప్పుకున్న వివరణ కూడా కాదిది.

తేల్చాలంటే మళ్ళీ అలాంటి లోతులో, అలాంటి ఖాళీ చోటు వదిలి పరికరాలు పెట్టి చూడాలి. 90లలో కేజీఎఫ్ ప్రయోగాలు ఆగాయి. 2001లో గనులు మూతపడ్డాయి. కింద అంతా నీళ్ళు నిండిపోయాయి. దాని బదులుగా తమిళనాడులో తేని దగ్గర కొండ కింద న్యూట్రినో అబ్జర్వేటరీ కట్టాలనుకున్నారు. 2015లో కేంద్రం ఆమోదించింది కూడా. అడవి, నీళ్ళ గురించి స్థానికుల భయాలు, కోర్టు కేసుల మధ్య ఆగిపోయింది. వాళ్ళ భయాలు ఉత్తవని నేను అనను, మా వైపు కూడా గని మూతపడ్డాక మిగిలిన మట్టిదిబ్బలు చూస్తూ పెరిగినవాణ్ణే. కానీ ఒక ప్రశ్న అడిగిన దేశం జవాబు వెతికే చోటు పోగొట్టుకోవడం మాత్రం బాధగా ఉంటుంది.

అమెరికాలో అలా పోగొట్టుకోలేదు. సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ అనే బంగారు గని మూతపడితే దాన్ని ల్యాబ్‌గా మార్చారు. దాదాపు కిలోమీటరున్నర లోతున ఇప్పుడు 10 టన్నుల ద్రవ జెనాన్‌తో ఎల్‌జెడ్ అనే పరికరం నడుస్తోంది. ప్రపంచంలో అతి సున్నితమైన వాటిల్లో ఒకటి. 2024లో 280 రోజుల డేటా చూసి చెప్పిందేంటంటే, ఏమీ దొరకలేదు. 'ఏమీ' అని చెప్పడానికి వందలమంది, ఏళ్ల తరబడి. మావాడు దీనికి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "హిట్టు కొట్టేదాకా ఇక్కడ అందరిదీ అదే కథ" అన్నాడు.

మనవాళ్ళూ చేతులు ముడుచుకుని లేరు. జార్ఖండ్‌లో జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ల్యాబ్ 2017లో మొదలైంది. ఇంకోవైపు లద్దాఖ్‌లో హాన్లే దగ్గర, దాదాపు 4300 మీటర్ల ఎత్తున, మేస్ అనే టెలిస్కోపు 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది. 21 మీటర్ల అద్దం, 356 పలకలతో. అది చూసేది గామా కిరణాలని. ఆకాశంలో డార్క్ మ్యాటర్ కణాలు రెండు ఢీకొని మాయమైతే పుట్టే గామా కిరణాలు దొరుకుతాయేమో చూడటం దాని పనుల్లో ఒకటి. దాన్ని బాబా అణు పరిశోధన కేంద్రంతో కలిసి కట్టింది ఎవరో తెలుసా? మన ఈసీఐఎల్. హైదరాబాద్‌లో చాలామందికి ఈసీఐఎల్ అంటే బస్సు బోర్డు మీద చివరి స్టాప్. ఇంకొంతమందికి ఓటింగ్ మెషీన్లు. ఇకమీద ఆ బస్సు చూసినప్పుడు హాన్లే కూడా గుర్తు పెట్టుకోండి.

కరెంటు పదకొండున్నరకి వచ్చింది. మావాడు కిందికి దిగడానికి లేచి, మెట్ల దగ్గర ఆగాడు.

"ఆ జాదుగూడలో ఏం పెట్టారన్నావ్?"

చెప్పాను. కార్ ఏసీల్లో వాడే గ్యాస్ ఉంటుంది కదా, ఆర్-134ఏ. దాన్ని ద్రవంగా మార్చి సన్న చుక్కలుగా జెల్లీలాంటి దాంట్లో ఉంచుతారు. అవి మరిగిపోయే స్థితి దాటి ఉంటాయి, కానీ మరగవు. ఏదైనా కణం వచ్చి తగిలితే ఆ చుక్క ఒక్కసారిగా బుడగై పేలుతుంది. ఆ పేలిన చప్పుడుని సెన్సర్‌తో పట్టుకుంటారు.

"చప్పుడా?"

"ఆ. వింటారు."

వాడు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "ఏ సెన్సరు? ఫ్రీక్వెన్సీ ఎంతలో ఉంటది? మామూలు బుడగకీ దానికీ తేడా ఎలా పట్టుకుంటారు?" నా దగ్గర సగానికి జవాబుల్లేవు. ఫోన్ తీసి పేపర్ వెతికి వాడికి పంపాను. ఇప్పుడు వాడు దాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతున్నాడు, నేను అనాయిస్ కోడ్ నా ల్యాప్‌టాప్‌లో రన్ చేస్తున్నాను. మూడో ఎర్రర్ దగ్గర ఆగింది.